ఏజెంటు చేతికి పనిముట్టు

రేడియోలో మాటలాడువానికి ఒక కష్టము గలదు. ఎదుట కూర్చున్నవారికి చెప్పునప్పుడు ఒక మాట అర్థము కాకున్న వారు ముఖము చిట్లింతురు, లేదా "అది యేమండీ?" అని అడుగుదురు. వక్త సర్దుకొని మఱల చెప్పును. ఈ గదిలో నా యెదుట మైకు తప్ప మఱి యెవ్వరును లేరు. నేను తప్పు చెప్పినను, సగము చెప్పి విడిచినను, మీరు నన్ను ఆపి అడుగజాలరు. కావున మీరు అడుగబోవు ప్రశ్నలను నేనే ముందుగా ఊహించుకొని, వానికి బదులు నా మాటలలోనే ఇమిడ్చి చెప్పవలసి యున్నది.

నేటి నా ప్రసంగ విషయము కూడ ఇట్టి కష్టమును గూర్చినదే. కృత్రిమ మేధతో పనిచేయు ఏజెంటులకు మనము పనిముట్లను అప్పగించునప్పుడు, ఒక్కొక్క పనిముట్టు ఏమి చేయునో తెలుపుచు నాలుగు వాక్యములు వ్రాసి యిత్తుము. ఆ నాలుగు వాక్యములను ఎట్లు వ్రాయవలెను, సరిగా వ్రాయకున్న ఏమగును అనునది చెప్పుటకు పూనుకొంటిని. నేను ఈ శాస్త్రమున పండితుడను కాను. తిరువూరులో మా మిత్రులు కొందఱు కలిసి, పొలములకు డ్రోనులతో మందు చల్లు పని నడుపుచున్నారు. వారి లెక్కలును, రైతుల కోరికల పట్టికయును చూచుట నా వంతు. అందు నేను చేసిన యొక పొరపాటే నన్ను ఈ విషయమునకు విద్యార్థిని చేసినది.

మొదట ఏజెంటు అన నేమో చెప్పెదను. బీమా ఏజెంటును మీరెఱుగుదురు. మన పక్షమున కచేరీకి పోయి, మన పని చక్కబెట్టుకొని వచ్చువాడు ఏజెంటు. నేను చెప్పునది మనిషి కాదు, సాఫ్ట్‌వేరు. దాని లోపల పెద్ద భాషా నమూనా యొకటి యుండును. మనము మాటలతో అడిగినదానిని గ్రహించి మాటలతో బదులిచ్చుట ఆ నమూనా విద్య. కాని మాటలతోనే పొలములో మందు పడదు గదా! పట్టిక తెఱచి చూచుట, లెక్క కట్టుట, రేపటి పనికి పేరు వ్రాసికొనుట మొదలగు వానిని వేఱు ప్రోగ్రాములు చేయవలెను. అట్టి ప్రోగ్రామును ఏజెంటునకు అప్పగించినప్పుడు దానిని టూలు అందురు. నేను పనిముట్టు అనెదను.

పనిముట్టును అప్పగించుట యనగా ప్రోగ్రాము లోపల నున్నదంతయు ఏజెంటునకు చూపుట కాదు. మూడు సంగతులను మాత్రమే తెలుపుదురు: పనిముట్టు పేరు, దానిని గూర్చిన వివరణ, అది పనిచేయుటకు నింపవలసిన ఫారము. ఏజెంటు ఈ మూడింటిని చదివి, ఇప్పుడు ఈ పనిముట్టు కావలెనా, వలదా యని తానే నిశ్చయించుకొని, ఫారము నింపి యిచ్చును. ప్రోగ్రాము ఆ ఫారము ప్రకారము పనిచేసి, ఫలితమును మఱల ఏజెంటునకు అందించును. 2023 జూన్ మాసమున ఓపెన్‌ఏఐ సంస్థ తన నమూనాలకు ఈ పద్ధతిని కల్పించినది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఉమ్మడి ఒడంబడికను ప్రకటించినది. దానివలన ఒకరు చేసిన పనిముట్టును మఱియొకరి ఏజెంటు వాడుకొనుటకు మార్గము సుగమమైనది. చేసినవాడును, వాడుకొనువాడును ఎన్నడును కలిసి మాటలాడి యుండరు. వారి నడుమ నున్నవి ఆ పేరు, ఆ వివరణ, ఆ ఫారము మాత్రమే.

ఇక నా పొరపాటు చెప్పెదను.

మా డ్రోను పనికై నేను చేర్చిన మొదటి పనిముట్టు పేరు "మందు లెక్క". దాని వివరణ ఒకే వాక్యము: "విస్తీర్ణమును బట్టి మందు లెక్క కట్టును." ఫారములో ఒకే గడి: "విస్తీర్ణము, సంఖ్య." వ్రాసినప్పుడు అందు లోపమేమియు నాకు కానరాలేదు. ఏలయనగా విస్తీర్ణమనగా ఎకరములని నాకు తెలియును. చుక్క తరువాతి అంకెలు సెంట్లని నాకు తెలియును. నాకు తెలిసినది ఎల్లరకును తెలిసినదే యని తలచితిని.

తిరువూరు రాష్ట్ర సరిహద్దునకు దాపున నున్న ఊరు. కల్లూరు, పెనుబల్లి వైపు నుండి, అనగా తెలంగాణలోని ఖమ్మం జిల్లా నుండి, రైతులు పనులమీద మా ఊరికి వచ్చుచునే యుందురు. అట్లు వచ్చిన యొక పెద్దాయన తన మిర్చి తోటకు మందు చల్లవలెనని కోరి, తన పాసుపుస్తకమును ఫోనుతో చిత్రము తీసి పంపెను. అందు విస్తీర్ణము 2.38 అని యుండెను. ఏజెంటు ఆ సంఖ్యను ఉన్నదున్నట్లు గడిలో వేసెను. ప్రోగ్రాము ఎకరమునకు 10 లీటర్ల చొప్పున రమారమి 24 లీటర్లని లెక్క తేల్చినది. మఱునాటి ఉదయమున మా కుఱ్ఱవాండ్రు ఆ కొలతకే మందు కలుపుకొని పోయిరి. తోటలో ఒక మూల మిగిలి యుండగనే మందు అయిపోయినది. మఱల తెచ్చి కలుపునంతలో గాలి లేచినది. గాలిలో మందు చల్లరాదు. ఆ మూల ఆ దినమున అట్లే మిగిలిపోయినది.

పెద్దాయన కోపపడలేదు. "బాబూ, మాది పొలిమేర అవతల గదా. మా పుస్తకంలో చుక్క తర్వాత ఉన్నవి సెంట్లు కావయ్యా, గుంటలు" అనెను. ఆంధ్రప్రదేశ్‌లో ఎకరమునకు 100 సెంట్లు. తెలంగాణలో ఎకరమునకు 40 గుంటలు. 38 గుంటలనగా 95 సెంట్లు. కావున ఆయన తోట రెండెకరముల 38 సెంట్లు కాదు, రెండెకరముల 95 సెంట్లు. తేడా 57 సెంట్లు, అరయెకరమునకు పైమాట. మిర్చికి తామరపురుగు పట్టిన దినములలో, మందు పడని అరయెకరము పురుగునకు విడిదియిల్లు. అచ్చటి నుండి అది తక్కిన తోటకు మఱల ప్రాకగలదు. అప్పు తెచ్చి పైరు పెట్టినవానికి అది చిన్న సంగతి కాదు.

మొదట నేను ఏజెంటును నిందించితిని. ఇంత తెలివి గలదని చెప్పుకొను యంత్రము, పుస్తకము తెలంగాణది యని చూచి గ్రహింపలేదా యని మిత్రులతో అంటిని. ఆ రాత్రి నా వివరణను నేనే మఱల చదివితిని. అందు ఎకరము అను మాటయే లేదు. సెంటు లేదు, గుంట లేదు. గుంటల సంగతి ఏజెంటునకు తెలిసియే యుండవచ్చును. కాని ఈ పనిముట్టు ఏ కొలతను కోరుచున్నదో చెప్పగలవాడను నేనొక్కడనే. నేను చెప్పలేదు. క్రొత్తగా పనిలో చేరిన గుమాస్తాకు ఆ చీటీయే యిచ్చి యుండినచో అతడైనను అట్లే చేసి యుండును. లేదా వచ్చి నన్ను అడిగి యుండును. ఏజెంటునకు నన్ను అడుగు వీలు లేదు.

దరిమిలా నేను వ్రాసిన వివరణ యిది: "పొలమునకు డ్రోనుతో చల్లవలసిన నీటిని, మందును లెక్క కట్టి చెప్పును. లెక్క మాత్రమే, పనిని పట్టికలో చేర్చదు. ఎకరములు మొదటి గడిలో, మిగులు రెండవ గడిలో వ్రాయవలెను. మిగులు సెంట్లో, గుంటలో మూడవ గడిలో తెలుపవలెను. తెలంగాణ పాసుపుస్తకములో 2.38 అనగా 2 ఎకరముల 38 గుంటలు. ఆంధ్రప్రదేశ్ పత్రములలో 2.38 అనగా 2 ఎకరముల 38 సెంట్లు. ఏదియో తెలియనిచో ఊహింపక రైతును అడుగవలెను."

ఈ వివరణలో నాలుగు సంగతులు గలవు. పనిముట్టు ఏమి చేయును, ఏమి చేయదు, ఇవ్వవలసినది ఏ కొలతలో ఏ రూపమున ఇవ్వవలెను, సందేహము కలిగిన ఏమి చేయవలెను. దానితో పాటు ఒక ఉదాహరణము గలదు. వంద మాటల నియమము కంటె 2.38 అను ఒక్క ఉదాహరణము ఎక్కువ పని చేసినది. మఱియు ఫారమును కూడ మార్చితిని. మూడవ గడిలో సెంట్లు, గుంటలు అను రెండు మాటలలో ఒకటి తప్ప మఱేదియు పట్టదు. మాటతో బతిమాలుట కంటె ఫారముతో కట్టుదిట్టము చేయుట మేలు. ఫారము చేయలేనిదానిని వివరణ చేయవలెను.

తరువాత నా తక్కిన పనిముట్లను వెదకి చూడగా ఇట్టి గోతులు చాల కానవచ్చినవి. ఒకదానిలో "సంవత్సరము" అను గడి యుండెను. రెవెన్యూ లెక్కలలో ఫసలీ సంవత్సరము వాడుక గలదు. అది జూలై 1 న మొదలై జూన్ 30 న ముగియును. 2025 జూలై 1 న మొదలైనది 1435 ఫసలీ. ఉత్త "2025" అని వ్రాసిన, అది 1434 లోనిదో 1435 లోనిదో ఎవరు చెప్పగలరు? మఱియొకదానిలో "జిల్లా" అను గడి యుండెను. తిరువూరు మునుపు కృష్ణా జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4 న ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. పాత పత్రము ఒక పేరు చెప్పును, క్రొత్త పత్రము వేఱొక పేరు చెప్పును. ఇంకొకదానిలో "ఊరు" అని మాత్రమే యుండెను. తమిళనాడులో తిరువారూరు అను ప్రసిద్ధ క్షేత్రము గలదు. అది త్యాగరాజస్వామి జన్మస్థలము. ఆంగ్ల లిపిలో వ్రాసినప్పుడు ఆ పేరునకును, మా ఊరి పేరునకును భేదము రెండు మూడు అక్షరములే. వాతావరణము అడిగిన రైతునకు తమిళనాడు వాన కబురు చెప్పిన ఏమి లాభము? "ఊరు, మండలము, జిల్లా, రాష్ట్రము, ఉదాహరణకు తిరువూరు, తిరువూరు మండలము, ఎన్.టి.ఆర్. జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని వ్రాసిన పిదప ఆ చిక్కు తొలగినది.

ఒకే వస్తువునకు రెండు పేర్లుండుట మఱియొక చిక్కు. ఇవతల అడంగలు అనబడునదే అవతల పహాణీ. వివరణలో అడంగలు అని మాత్రమే వ్రాసిన, పహాణీ కావలెనన్న రైతునకు ఏజెంటు "అట్టిది నా యొద్ద లేదు" అని చెప్పవచ్చును. కావున జనుల నోట నుండు పేర్లన్నియు వివరణలో నుండవలెను. వివరణను ఆంగ్లమున వ్రాయవలెనా, తెలుగున వ్రాయవలెనా యని కొందఱు అడుగుచున్నారు. నమూనా చదువుటకు మాటలను ముక్కలుగా త్రుంచుకొనును. తెలుగు మాట ఆంగ్లపు మాట కంటె ఎక్కువ ముక్కలగుట సాధారణము. అందుచే పలువురు ఆంగ్లమునే వాడుదురు. ఏ భాషలో వ్రాసినను గుంట, సెంటు, అడంగలు, పహాణీ వంటి మాటలను విడువరాదు. రైతు వానితోనే అడుగును గనుక.

ఇంతవరకు ఒక్కొక్క పనిముట్టును విడిగా చూచితిమి. ఎవరు పడిన వారు క్రొత్త పనిముట్లను చేర్చగల సాఫ్ట్‌వేరులో అసలు చిక్కు ఇరుగుపొరుగుతో వచ్చును. నా పనిముట్టు ఒకటి "వివరములు వెదకు" అను పేరుతో నుండెను. అది రైతుల పట్టికను చూచును. కొంత కాలమునకు మా మిత్రుడొకడు మందుల నిల్వ చూచుటకు వేఱొక పనిముట్టును చేర్చి, దానికి "సమాచారము వెదకు" అని పేరు పెట్టెను. విడివిడిగా రెండును బాగుగనే యున్నవి. ప్రక్కప్రక్కన ఉంచినంతనే ఏజెంటు ఏది తీయవలెనో తెలియక, మందు నిల్వ అడిగినవారికి రైతుల పట్టికను వెదకి "లేదు" అని చెప్పసాగెను. మందు గోదాములోనే యున్నది. ఇప్పుడు వాని పేర్లు "రైతు పట్టిక వెదకు", "మందు నిల్వ చూడు". ఒక్కొక్క వివరణలో "దీనిని ఇందుకు వాడవలెను, ఇందుకు వాడరాదు" అని చెరియొక వాక్యము చేర్చితిమి. రేపు వచ్చు పొరుగువాడెవడో మనకు తెలియదు. కాని మన పొలము గట్టు ఎక్కడనో మనమే స్పష్టముగ వేసికొన్న, ఎవడు వచ్చినను తగవు తక్కువ.

అట్లని వివరణను చాటభారతము చేయరాదు. ఏజెంటు సాధారణముగ ప్రతి పర్యాయమును, తన చేతిలో నున్న పనిముట్ల వివరణలన్నియు ఎదుట పెట్టుకొనియే ఆలోచించును. యాబది పనిముట్లకు యాబది పుటలు వ్రాసిన, రైతు అడిగిన మాట ఆ రాశిలో మునిగిపోవును, ఖర్చును పెరుగును. ప్రోగ్రామును ఏ భాషలో వ్రాసితిమి, ఎవరు మెచ్చిరి అను మాటలు వలదు. ఏజెంటు ఎంచుకొనుటకును, ఫారము నింపుటకును పనికిరాని వాక్యమును కొట్టివేయవలెను.

ఫలితము చెప్పు మాటలును వివరణలో భాగమే. లోగడ నా ప్రోగ్రాము తప్పు వచ్చినపుడు "చెల్లదు" అని మాత్రము చెప్పెడిది. ఏజెంటు అదే ఫారమును మూడు మాఱులు అట్లే పంపెడిది. ఇప్పుడు "గుంటలు 39 కి మించరాదు, 57 అని వచ్చినది, సెంట్లేమో రైతును అడుగుము" అని చెప్పుచున్నది. ఏజెంటు రైతును అడుగుచున్నది.

ఇక మిక్కిలి జాగ్రత్త వలసిన సంగతి యొకటి కలదు. కొన్ని పనిముట్లు చూచి చెప్పునవి, కొన్ని మార్చునవి, కొన్ని తుడిచివేయునవి. పట్టిక చూచుటలో పొరపడిన మఱల చూడవచ్చును. పనిని రద్దుచేయుటలో పొరపడిన, రైతు పొలము గట్టున నిలిచి డ్రోను కొఱకు ఎదురు చూచుచునే యుండును. కావున "ఇది రద్దుచేయును, మఱల తెచ్చుటకు వీలులేదు" అని వివరణలో మొదటి వాక్యముననే చెప్పవలెను. నేను చెప్పిన ఒడంబడికలో ఒక పనిముట్టు చూచునది మాత్రమే యనియో, నాశనకరమనియో సూచించుటకు గుర్తులు గలవు. కాని అవి సూచనలే, తాళములు కావు. నమ్మదగని చోటి నుండి వచ్చిన గుర్తులను నమ్మవలదని ఆ ఒడంబడికయే హెచ్చరించుచున్నది. 2025 లో భద్రతా పరిశోధకులు ఇంకొక అపాయమును చూపిరి. పరుల పనిముట్టు వివరణలో రహస్యముగ ఆజ్ఞలను దాచిపెట్టి, వానితో ఏజెంటును త్రోవ తప్పింపవచ్చునట. వివరణ ఏజెంటునకు గురువాక్యము వంటిదగుటచే ఈ మోసము సాధ్యమగుచున్నది. కావున పరుల పనిముట్టును చేర్చుకొనుటకు ముందు దాని వివరణను మనమే తుదివరకు చదువవలెను. రద్దు, చెల్లింపు వంటి పనులకు మనిషి అనుమతి లేనిదే కదలని తాళమును ప్రోగ్రాములోనే వేయవలెను. మంచి వివరణ ఆ తాళమునకు బదులు కాజాలదు.

వివరణ బాగుగ నున్నదో లేదో తెలిసికొనుట ఎట్లు? నేను రెండు పరీక్షలు పెట్టుదును. మొదటిది: మా పనితో సంబంధము లేని చదువుకొన్న కుఱ్ఱవానికి వివరణయు, ఫారమును ఇచ్చి, నన్నేమియు అడుగక నింపుమందును. అతడెక్కడ ఆగునో అక్కడ నా వాక్యము లోపభూయిష్ఠము. రెండవది: రైతులు నిజముగ పలికిన మాటలు ఇరువది వ్రాసియుంచితిని. "రెండున్నర ఎకరాలండి", "మూడెకరాల పది గుంటలు", "రేపు కాదు, ఎల్లుండి పొద్దున్నే", "మొన్న కొట్టిన మందే మళ్ళీ" వంటివి. వివరణలో ఒక మాట మార్చినను ఆ ఇరువదింటిని ఏజెంటునకు మఱల ఇచ్చి, ఏ పనిముట్టు తీసెనో, ఫారములో ఏమి వ్రాసెనో చూతును. ఒకచోట బాగుచేయబోయి మఱియొకచోట చెఱచుట నాకు పలుమాఱులు జరిగినది.

ఇది నా వంటి చిన్న లెక్కలవానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30 న "మన మిత్ర" పేరుతో 161 సేవలను వాట్సాప్ ద్వారా అందించుట మొదలుపెట్టినది. పట్టికలో వ్రేలితో ఎంచుకొనుటకు బదులు, నోటితో అడిగిన ఏజెంటే సేవను ఎంచుకొను ఏర్పాటు ఎక్కడ వచ్చినను, ఒక్కొక్క సేవ ప్రక్కన ఒక వివరణ వ్రాయవలసియే యుండును. చదువురాని ముసలమ్మ అడిగినది ఒకటి, చేతికి వచ్చినది ఒకటి యైనచో, తప్పు ఎక్కడ జరిగినదో ఆమెకు తెలియదు. ఎవరిని అడుగవలెనో అంతకంటె తెలియదు. అందుచే ఆ వాక్యమును వ్రాయువాడు ఆమెను తలచుకొని వ్రాయవలెను.

మిగిలిన ఆ మూలకు మఱునాడు గాలి లేవకముందే మా వాండ్రు మందు చల్లి వచ్చిరి. దానికి కూలి పుచ్చుకొనలేదు. తరువాత పెద్దాయన మఱల పని కోరుచు అదే పుస్తకమును పంపెను. ఈ మాఱు ఏజెంటు ఆయనను, "అయ్యా, చుక్క తరువాత నున్నవి గుంటలే గదా?" అని అడిగెను. ఆయన "అవును" అని బదులిచ్చెను. ఆ దినమున 29 లీటర్ల 500 మిల్లీలీటర్లు పోయినవి. నా ప్రసంగము ముగిసినది.